ఆదివారం పాట సోమవారం ఇంట్లో నిలవాలి: సంఘ కాపరులకు, పాటల బృందాలకు బహిరంగ లేఖ

సంఘ కాపరులకు, పెద్దలకు, ఆరాధన నడిపించే బృందాలకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

మేము సంఘాల్లో పాట నేర్పే పరిచర్యలో ఉన్నవాళ్లం. ఒక్క విన్నపం మీ ముందు పెట్టాలని ఈ లేఖ రాస్తున్నాం. ఆదివారం ఆరాధన ఎలా జరిగిందో తేల్చుకోవాలంటే వేదిక వైపు చూడకండి. ఆ రోజు పాడిన పాటల్లో ఎన్నింటిని మీ విశ్వాసులు మర్నాడు ఇంట్లో కీబోర్డు లేకుండా, తెర మీద అక్షరాలు లేకుండా పాడుకోగలరో కనుక్కోండి. పాటల ఎంపిక, శృతి, శబ్దం, సాధన అన్నీ ఆ కొలతకే లోబడాలని మా మనవి. వారానికి 168 గంటలు. సంఘంగా కలిసి పాడేది అందులో ఒక గంటకు మించదు. మిగతా గంటలన్నీ వంటింట్లో, పనిలో, ప్రయాణంలో, కొందరికి ఆసుపత్రి మంచం మీద గడుస్తాయి. అక్కడ నోటికి రాని పాట వాళ్లకు అందనట్టే.

లేఖనాల్లో పాట ఇలాగే నడిచింది. పస్కా రాత్రి 113 నుంచి 118 వరకు కీర్తనలు పాడటం యూదుల ఆనవాయితీ. ప్రభువూ శిష్యులూ కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లారని మత్తయి 26:30 చెబుతుంది. పౌలు, సీల ఫిలిప్పీ చెరసాలలో, కాళ్లు బొండలో బిగించి ఉండగా, అర్ధరాత్రి వేళ పాడారు. తోటి ఖైదీలు విన్నారు. ఆ చీకట్లో పుస్తకం లేదు, వాయిద్యం లేదు. చిన్ననాటి నుంచి నోట నానినదే పైకి వచ్చింది. మోషే చివరి రోజుల్లో దేవుడు ఒక పాట రాయించి, దాన్ని ఇశ్రాయేలీయులకు నేర్పి కంఠపాఠం చేయించమన్నాడు (ద్వితీయోపదేశకాండము 31:19). తర్వాతి తరాలు దారి తప్పినా ఆ పాట వాళ్ల నోట మరువబడకుండా ఉండి సాక్ష్యం పలకాలన్నది ఉద్దేశం.

చరిత్రలో ఒక హెచ్చరిక కూడా ఉంది. 4వ శతాబ్దంలో లవొదికయలో కూడిన సంఘ నాయకుల సభ చేసిన 15వ నియమం ప్రకారం, నియమితులైన గాయకులు తప్ప ఇతరులు సంఘంలో పాడకూడదు. క్రమం కోసమే పెట్టి ఉంటారు. కానీ గానం నిపుణుల చేతికి వెళ్లినచోట జనం వినేవాళ్లుగా మిగులుతారు. జనభాషలో, జనం గొంతుకు తగిన పాటలు అచ్చువేసి పంచే పని 1524లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథరు చుట్టూ ఉన్నవాళ్లు చేపట్టాల్సి వచ్చింది. ఈ రోజు ఏ సంఘమూ "మీరు పాడకండి" అని విశ్వాసులకు చెప్పదు. అయినా శృతి అందకపోతే, శబ్దం మించిపోతే, వారం వారం కొత్త పాటే వస్తుంటే ఫలితం అదే. నోళ్లు మూతపడతాయి, చేతులు మాత్రం చప్పట్లు కొడతాయి.

ముందుగా శృతి సంగతి. మాకు కనిపించే ఇబ్బందుల్లో సగం ఇక్కడే మొదలవుతాయి.

గాన శిక్షణ లేని ఆడవాళ్లు హాయిగా పాడగల పరిధి, కీబోర్డు మీద చూస్తే, మధ్య 'సి'కి పక్కనే కింద ఉన్న 'బి' నుంచి పై స్థాయి (ఆక్టేవ్) 'డి' వరకు. మగవాళ్లకు అదే పరిధి ఒక స్థాయి కింద. పాట శిఖరంలో ఒకటి రెండుసార్లు 'ఇ ఫ్లాట్' తగిలితే ఫరవాలేదు, అక్కడే చరణమంతా నిలిస్తే గొంతులు చిట్లుతాయి. రికార్డింగుల్లో పాడే పురుష గాయకులు తమ స్థాయిలో 'జి', 'ఎ' వరకు వెళ్తారు, అది వాళ్ల గొంతు ప్రత్యేకత. అదే స్కేల్‌లో సంఘం చేత పాడించబోతే మగవాళ్లు మంద్రంలోకి జారి గొణుగుతారు. ఆడవాళ్లకు ఒక స్థాయిలో మరీ కింద, పై స్థాయిలో మరీ పైన అవుతుంది.

చెయ్యాల్సింది సులభమే. పాటలో అన్నిటికంటే పై స్వరం ఏదో కీబోర్డు మీద వెతికి పట్టుకోండి. అది 'జి' అయితే 'డి'కి రావడానికి ఐదు సెమీటోన్లు (నలుపు, తెలుపు మీటలన్నీ కలిపి ఐదు మీటలు) దించాలి, ట్రాన్స్‌పోజ్ బటన్‌తో మైనస్ 5. తర్వాత అన్నిటికంటే కింది స్వరం చూడండి. అది 'ఎ' కంటే దిగిపోతుంటే మైనస్ 4తో ఆపి కాస్త సర్దుకోండి. రెండు చివరలూ ఎలా సర్దినా పరిధిలో ఇమడకపోతే ఆ పాట సమూహం కోసం కట్టింది కాదు. దాన్ని ఒకరు పాడుతుంటే సంఘం వినవచ్చు, అందులో తప్పేమీ లేదు. మొదటి చరణం కింది స్థాయిలో పాడి ఆఖర్లో అదే వరుసను పై స్థాయికి ఎగరేసే పాటలు ఎక్కువగా ఈ కోవలోకి వస్తాయి. చివరి పల్లవికి స్కేల్ పెంచే అలవాటున్న బృందాలు లెక్క పెంచిన తర్వాతి స్కేల్ నుంచి వేసుకోవాలి. ముందు 'డి' దగ్గర ఆగిన పాట రెండు సెమీటోన్లు పెంచితే 'ఇ' అవుతుంది, సరిగ్గా అక్కడే జనం వదిలేస్తారు. ఎంచిన స్కేల్‌ను పాట పేరు పక్కన రాసి ఉంచండి. పాట నడిపించే వ్యక్తి మారినప్పుడల్లా స్కేల్ మారితే సంఘానికి ఏ శృతీ అలవాటు కాదు.

"నాకు పాట రాదండీ" అని వెనక నిలబడేవాళ్లలో చాలామందికి చెవి బాగానే ఉంటుంది. పుట్టుకతో స్వరభేదం పట్టలేనివాళ్లు చాలా అరుదు. తక్కినవారికి శృతి తమ పరిధికి బయట ఉండటమో, పక్కవాళ్ల గొంతు వినపడకపోవడమో అడ్డు. శృతి దించి, ఒక చరణం వాయిద్యాలు ఆపి పాడించి చూడండి. మూగబోయిన వరుసల్లోంచి గొంతులు రావడం మీకే వినిపిస్తుంది. ఆ ఒక్క చరణాన్ని ప్రతి ఆదివారం ఉంచమని గట్టిగా కోరుతున్నాం. వాయిద్యం లేకుండా సంఘం పాడలేని పాటను ఇంట్లో కుటుంబం కూడా పాడలేదు.

శబ్దం గురించి క్లుప్తంగా. పనిచోట వినికిడి రక్షణకు అమెరికా సంస్థ నియోష్ సూచించే హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. అంటే 94 దగ్గర 1 గంట, 100 దగ్గర 15 నిమిషాలు. పసిపిల్లలతో తల్లులు కూర్చునే చోటు స్పీకరు పక్కనే అయితే ముందు ఆ చోటు మార్చండి. జనం మధ్యలో 85 దాటకుండా చూస్తే చెవులకు రక్ష, పైగా పక్కవాళ్ల గొంతు వినపడుతుంది. శబ్దం మితిమీరడం తరచూ వేదిక మీదే మొదలవుతుంది. డ్రమ్స్ గట్టిగా ఉంటే గాయకులు తమ వైపు తిప్పి ఉన్న స్పీకరు (మానిటర్) పెంచమంటారు, దాంతో గిటారు పెంచాల్సి వస్తుంది, ఆఖరికి బయటి స్పీకర్లు. కాబట్టి తగ్గించడం డ్రమ్స్ దగ్గర మొదలుపెట్టండి. మైక్ జాలీని అరచేత్తో కప్పి పట్టుకుంటే కూత వస్తుంది, పిడి దగ్గర పట్టుకోవాలి. ఎకో ఎక్కువైతే మాటల చివరి అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మాట తెలియని పాటకు ఆమెన్ ఎలా అంటారు? "ఆత్మతో పాడుదును, మనస్సుతోను పాడుదును" అని పౌలు కొరింథీయులకు రాసింది ఈ సందర్భంలోనే.

తెర మీద అక్షరాలు వేసేవాళ్లకు ఒక్క సూచన. పాడుతున్న పంక్తి చివరి మాట దగ్గరే తర్వాతి స్లయిడ్ రావాలి. పాట మొదలయ్యాక వచ్చిన అక్షరాలు ఎవరికీ అక్కరకు రావు. ఒత్తులు, దీర్ఘాలు తప్పిన స్లయిడ్లను శనివారమే సరిదిద్దండి.

ఇక కొత్త పాటలు. నెలకు ఒకటి చాలు. మొదటి వారం ఆరాధన మొదలవ్వక ముందు పల్లవిని పంక్తి పంక్తిగా పలికించి, వరుస పాడించండి. ఆ వారం, తర్వాతి రెండు వారాలు వరుసగా పాడండి. నాలుగో వారం వదిలేసి ఐదో వారం మళ్లీ తీసుకోండి, అప్పుడు ఎంతమందికి గుర్తుందో తేలిపోతుంది. ఒకసారి పాడి రెండు నెలల తర్వాత మళ్లీ తెస్తే అది మళ్లీ కొత్త పాటే. సంఘం మొత్తానికి నోటికి వచ్చిన పాటలు ఒక 60 ఉంటే అది మంచి ఆస్తి. 300 పాటల జాబితా ఉండి పది కూడా కంఠతా రాని సంఘం ఇంటి దగ్గర పేదది.

ఏ పాటలన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. గత మూడు నెలల్లో పాడిన పాటలు కాగితం మీద రాయండి. ఒక్కొక్క పాటను రాగం తీసేసి మామూలు మాటలుగా పైకి చదవండి. దేవుడు చేసిన పనుల్లో ఏది పేరు పెట్టి చెప్పింది? సృష్టి, సిలువ, పునరుత్థానం, ప్రభువు రాకడ వీటిలో ఏది వినిపించింది? ఎవరితో మాట్లాడుతోంది: దేవునితోనా, తోటి విశ్వాసులతోనా, తన ప్రాణంతోనా? మూడూ కీర్తనల్లో ఉన్నాయి, మూడూ కావాలి. చాలా జాబితాల్లో "నన్ను దీవించు, నన్ను హెచ్చించు" అన్న కోరికలు నిండి, దేవుడు ఎవరో చెప్పే మాటలు పలచబడి ఉంటాయి. పశ్చాత్తాపం కనిపించడమే అరుదు. 51వ కీర్తన మన బైబిల్లో ఉంది, మన పాటల్లోకి ఎందుకు రావడం లేదు?

విలాపం విషయంలో మీ మనసు కరగాలని వేడుకుంటున్నాం. 150 కీర్తనల్లో మూడో వంతుకు పైగా మొర పెట్టేవే అని బైబిలు పండితులు సాధారణంగా లెక్కిస్తారు. 88వ కీర్తన చీకటి దగ్గరే ముగుస్తుంది, వెలుగు మాటతో కాదు. ఆ వారం బిడ్డను పోగొట్టుకున్న తల్లి మందిరంలో కూర్చుని ఉండగా నాలుగు పాటలూ గంతులు వేసేవే అయితే, ఆమె నోటికి మనం ఏ మాటా ఇవ్వలేదన్నమాట. ఆమె అవిశ్వాసి కాదు, ఆమెకు పాట లేదు, అంతే. 13వ కీర్తన మీద ఒక్క వారం గడపండి. ఆరే వచనాలు. మొదటి రెండింట్లో "ఎంతవరకు" అన్న మొర. 3, 4 వచనాల్లో విన్నపం: నన్ను చూడు, నా కన్నులకు వెలుగియ్యి. 5లో కృపను నమ్ముకోవడం, 6లో పాడతానన్న నిర్ణయం. ఆ నడక ఆదివారం నేర్పితే ఇంట్లో ఎవరికి వారు తమ మాటల్లో మొర పెట్టుకోగలరు. మొర నుంచి స్తుతికి ఒక్క దూకులో రమ్మని ఎవరినీ తొందరపెట్టకండి, 3, 4 వచనాలను దాటవేయకూడదు.

కీర్తనలను ఉన్నవి ఉన్నట్టు పాడటం కూడా నేర్పవచ్చు. రాగం కట్టే ప్రతిభ అక్కర్లేదు. మన బైబిల్లో ఎక్కువ వచనాలు రెండు భాగాలుగా విడిపోతాయి. మొదటి భాగాన్ని ఒకే స్వరం మీద పలుకుతూ వెళ్లి చివరి మూడు నాలుగు అక్షరాల్లో ఒక మెట్టు పైకి ఎత్తి, ఊపిరి తీసుకుని ఆగాలి. రెండో భాగం మళ్లీ అదే స్వరం మీద మొదలుపెట్టి, చివరి అక్షరాల్లో రెండు మెట్లు దించి ముగించాలి. "నా ప్రాణమా, యెహోవాను సన్నుతించుము" అన్నప్పుడు "నుతించుము" దగ్గర ఎత్తు. "ఆయన చేసిన ఉపకారములలో దేనిని మరువకుము" అన్నప్పుడు "మరువకుము" దగ్గర దింపు. మొదట్లో అందరూ చేసే పొరపాటు వేగం, మధ్యలో ఆగకుండా పరుగెత్తడం. ఆ మధ్య విరామంలోనే మాట లోపలికి దిగుతుంది. 136వ కీర్తన ఇందుకు మంచి మొదలు. 26 వచనాల్లోనూ "ఆయన కృప నిరంతరముండును" అని తిరిగి వస్తుంది కనుక ఒకరు మొదటి సగం, ఇంట్లో అందరూ రెండో సగం. అక్షరాలు రాని పిల్లలు కూడా మూడో వచనానికల్లా కలుస్తారు.

ఇంటి ఆరాధనకు పది నిమిషాలు పెట్టమని చెప్పండి, అంతకు మించి చెప్పకండి. రోజూ ఎలాగూ జరిగే ఒక పనికి దాన్ని ముడిపెట్టాలి, రాత్రి భోజనం అవగానే అనుకుంటే ప్లేట్లు తియ్యక ముందే. ఒక కీర్తన చదవడానికి రెండు మూడు నిమిషాలు. తర్వాత ఒక్కొక్కరు ఆ రోజు దేవుడు చేసిన ఒక్క మేలు చెప్పాలి. "అన్నిటికీ స్తోత్రం" అని తప్పించుకోనివ్వకుండా, ఫలానా పని, ఫలానా వేళ అని. ఆ తర్వాత ఒక పాట, నెలంతా అదే పాట. చివర చిన్న ప్రార్థన. ఇది పాడయ్యే దారులు మాకు బాగా తెలుసు. ఇంటి పెద్ద దీన్ని రెండో ప్రసంగంగా మారుస్తారు, పిల్లలు బెదిరిపోతారు. ఫోన్‌లో పాట పెట్టి కలిసి పాడబోతారు, రెండు రోజుల్లో పాడటం పోయి వినడం మిగులుతుంది. అలసిన రోజు మొత్తం వదిలేస్తారు, మూడు రోజులు తప్పాక సిగ్గుపడి మళ్లీ మొదలుపెట్టరు. అందుకని అలసిన రోజుకు వేరే కొలత ముందే చెప్పి ఉంచండి: నిలబడి ఒక పల్లవి, ఒక్క వాక్యం ప్రార్థన. తప్పిన రోజులకు బాకీ తీర్చక్కర్లేదు.

వాయిద్యం లేకుండా పాట ఎత్తుకునేటప్పుడు ఇంట్లో జరిగే పొరపాటు మరొకటుంది. పల్లవి కింది స్వరాల్లో ఉంటుంది కనుక హాయిగా అనిపించిన చోట మొదలుపెడతారు, చరణం పైకి లేవగానే గొంతు అందదు. ముందు చరణంలోని పై పంక్తిని మెల్లగా అని చూసుకోండి. అది సులువుగా వచ్చిన శృతిలో పల్లవికి దిగండి.

నెలకో పాట అంటే ఏడాదికి 12. మొదటి వారం పల్లవి, మొదటి చరణం. ఆ తర్వాత వారానికో చరణం. ప్రతి పంక్తి మొదటి మాట మాత్రమే చీటీ మీద రాసి ఎదురుగా పెట్టుకుంటే మిగతాది జ్ఞాపకం లాక్కొస్తుంది. వారం చివర చీటీ తీసేయాలి. మీరు ఆదివారం నేర్పే పాట, ఇళ్లలో నెలంతా పాడే పాట ఒక్కటే అయితే రెండింటికీ బలం. ఈ ఒక్క మార్పుతో మొదలుపెట్టినా చాలు.

ఒంటరిగా ఉండేవాళ్లకు, పొద్దులు మారే ఉద్యోగాలవాళ్లకు వేరే దారి చూపాలి. 92వ కీర్తన ఉదయం దేవుని కృపనూ, రాత్రి ఆయన విశ్వాస్యతనూ ప్రచురించడం మంచిదంటుంది. ఆ లెక్కన లేవగానే ఒక పల్లవి, పడుకునే ముందు ఆ రోజు జరిగినదాన్ని తలుచుకుని ఒక పల్లవి. కీర్తనలన్నీ నెలకొకసారి ముగించాలనుకునేవారికి తేలికైన లెక్క ఉంది: తారీఖు ఎంతో ఆ కీర్తన, దానికి 30 చొప్పున కలుపుతూ మరో నాలుగు. 1వ తేదీన 1, 31, 61, 91, 121. 29వ తేదీన 119వ కీర్తన వస్తుంది, 176 వచనాలు. 31 రోజులున్న నెలల్లో దాన్ని 31వ తేదీకి దాచుకోవచ్చు. ఐదూ కుదరని రోజు ఒకటి చదివినా క్రమం చెడదు, మర్నాడు ఆ రోజు తారీఖు నుంచే అందుకోవడమే.

బృందాల సాధన గురించి ఒక మాట. దావీదు కాలంలో గాన పరిచర్యకు 288 మందిని శిక్షణతో ఏర్పరచారని 1 దినవృత్తాంతములు 25 చెబుతుంది. దేవుని పనికి నైపుణ్యం అక్కర్లేదనేవారితో మేము ఏకీభవించం. గంటన్నర సాధనలో మొదటి ఇరవై నిమిషాలు వాయిద్యాలు ముట్టకుండా పాట మాటలు చదివి, అర్థం మాట్లాడుకుని, ప్రార్థించండి. 1761లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ పాడేవారికి ఇచ్చిన సూచనల్లో అందరూ పాడాలని, ఒకరి గొంతు ఇతరులను ముంచెయ్యకూడదని, అన్నిటికీ మించి ప్రతి మాటలోనూ దేవుని మీద దృష్టి ఉండాలని ఉంది. ఈ మూడూ నేటి బృందానికీ సరిపోతాయి. బృందంలో ఇద్దరు మాట్లాడుకోకుండా ఉంటే ఆ ఆదివారం వేదిక ఎక్కకముందే కాపరి వాళ్లను కూర్చోబెట్టాలి. ఆమోసు 5:23లో దేవుడు పాటల ధ్వనిని తన యొద్దనుండి తొలగించమన్నది రాగం చెడినందుకు కాదు, న్యాయం లేనందుకు. హెబ్రీయులకు రాసిన పత్రిక 13లో స్తుతియాగం గురించి చెప్పిన వెంటనే, 16వ వచనంలో ఉపకారం చేయడం, ఉన్నది పంచడం కూడా దేవునికి ఇష్టమైన యాగాలేనని ఉంది.

చివరిగా, రోగులను చూడడానికి వెళ్లే మీ పెద్దల కోసం ఒక చిన్న జాబితా తయారుచేయండి. పది పాటలు, అన్నీ పాతవి, ఆ తరం చిన్నప్పుడు నేర్చుకున్నవి. జ్ఞాపకశక్తి సన్నగిల్లిన పెద్దల్లో కూడా అలాంటి పాటలు చాలాకాలం నిలుస్తాయి, పేర్లు మరిచినవారు పల్లవి అందుకుంటారు. మంచం మీద ఉన్నవారి ఊపిరి కొద్ది కనుక మామూలుకంటే రెండు సెమీటోన్లు దించి, నెమ్మదిగా, రెండు చరణాలకు మించకుండా పాడండి. పంక్తి చివర వాళ్ల ఊపిరి కోసం ఆగండి. పెదవులు మాత్రమే కదిలితే అదే వారి పాట, గట్టిగా పాడమని అడగవద్దు. నలుగురు వెళ్తే నలుగురూ పాడాలి గానీ ఫోన్‌లో పెట్టి వినిపించకండి. ఆ జాబితాను వచ్చే పెద్దల సమావేశంలోనే రాసి, ఆ పది పాటలు ఆదివారాల్లో విడతలవారీగా వచ్చేలా చూడండి. ఈనాటి యువకులు నేర్చుకుంటేనే రేపు వాళ్లు ఆ మంచాల దగ్గర నిలబడి పాడగలరు.

ప్రభువు సేవలో,
సంఘాల్లో పాట నేర్పే సహోదరులు, సహోదరీలు